మధ్యలో మేకు

ఇంగా ఫ్లెట్ తుంటి మీద నాలుగు కమిలిన మచ్చలు.
వంటింటి బల్లకున్నవీ నాలుగే మూలలు.
"నా చూపు తగ్గింది గానీ దాని పొగరు తగ్గలేదు.
మూలల్లేని బల్లొకటి చేసిపెట్టు, టోర్ఫిన్" అంది.

ఓర్క్నీలో చెట్లు లేవు.
గాలి ఒప్పుకోదు.
మా తాతల నాటి బల్లలన్నీ సముద్రం ఒడ్డుకు తోసిన దుంగలే.
నా చెక్క ఫెర్రీ ఎక్కి వచ్చింది,
బిల్లు చూశాక దాన్ని రెండు రోజులు ముట్టుకోలేదు.

అందుకే ముందు ఒక ప్లైవుడ్ పట్టీ.
పాత బీరువా తలుపులోంచి కోసింది,
జానెడు వెడల్పు, మూడడుగుల పొడవు.
ఒక చివర రౌటర్‌ని కూర్చోబెట్టి
దాని స్క్రూలున్న చోట మూడు బెజ్జాలు,
బిట్ దిగడానికి నడుమ ఒక పెద్ద కన్ను.
స్క్రూ తలలు చెక్కలోకి పూర్తిగా దిగిపోవాలి,
ఏ ఒక్కటి పొడుచుకొచ్చినా బల్లంతా గీత.
రెండో చివర, మేకు పట్టేంత బెజ్జం.
అంతే.
కిర్క్‌వాల్‌ కొట్టులో దీన్నే డబ్బాలో పెట్టి అమ్ముతారు.

మేకుకి కట్టిన మేకని చూశారా?
తాడెంతో మేత అంతే.
సాయంత్రానికి గడ్డిలో ఒక గుండ్రటి బోడి.
మేకకి లెక్కలు రావు, అయినా తప్పదు.

నాకు లెక్కలొచ్చు, తప్పాను.
పనికిరాని చెక్క మీద మొదటి చుట్టు తిప్పి
టేపు పెట్టి చూస్తే అర అంగుళం తక్కువ.
మేకు నుంచి బిట్ నడుముకి కొలిచాను.
బిట్‌కీ ఒళ్ళుంటుందని,
అది తిన్నదంతా నా బల్లలోంచే పోతుందని
తట్టలేదు.
లోపలి అంచుకి కొలిచి, పక్కనే ఇంకో బెజ్జం.

ఇక అసలు చెక్క.
కుడి నుంచి ఎడమకి, తొందరపడకుండా,
చుట్టుకి గోరంత లోతు.
నాలుగో చుట్టులో అడుగు కదలలేదు,
చూస్తే కరెంటు తీగ నా కాళ్ళకి మూడు మెలికలు.
షెడ్డులో కట్టేసి ఉన్న మేక ఎవరో అప్పుడు తెలిసింది.

ఆఖరి చుట్టుకి
చుట్టూ ఉన్న చెక్క మెల్లగా జారి
గుండ్రం ఒక్కటీ మిగిలింది.
తిరగేశాను.
తిరగేసి అలాగే నిలబడ్డాను.

మేకు అడుగువైపు కొట్టాలి. తెలుసు.
అందుకే ఒకవైపు "కింద" అని పెన్సిల్‌తో రాసుకున్నాను.
నునుపు మీద మోజుతో ఆ రాతనే గరుకుకాగితంతో రుద్దేశాను.
ఇప్పుడు మంచి మొహం మీద, సరిగ్గా నట్టనడుమ,
మినపగింజంత చిల్లు.

బల్లని మోసుకెళ్తుంటే గాలి దాన్ని తెరచాప అనుకుంది.
అవతలి అంచు పట్టుకున్న ఎడ్విన్ పేడలో కాలేశాడు,
వాళ్ళత్త ముందు అనగూడని మాటొకటి అన్నాడు.

ఇంగా వేళ్ళతో అంచు వెంట నడిచింది.
ఒక చుట్టు. మళ్ళీ ఒక చుట్టు.
"ఇది అవ్వదేం?" అని నవ్వింది.
తర్వాత అరచెయ్యి లోపలికి జరిపింది.
నేను ఊపిరి బిగబట్టాను.
చూపుడువేలు చిల్లు దగ్గర ఆగింది.

"మైనం పెట్టి పూడ్చేస్తాను, కనబడదు" అన్నాను.
"కనబడకపోవడం నాకు కొత్తా?
ముట్టుకున్నావంటే చూడు" అంది.
ఎడమచేతి వేలు అక్కడే ఉంచి
కుడిచేత్తో టీకెటిల్ తెచ్చి,
వేలు తీసి, దాని మీద దింపింది.
చుక్క ఒలకలేదు.

ప్లైవుడ్ పట్టీ షెడ్డు గోడకి వేలాడుతోంది.
ఒక బెజ్జం పక్కన "ఇంగా" అని రాశాను,
పెన్సిల్‌తో కాదు.
దాని పక్కన తప్పు బెజ్జాన్ని పూడ్చలేదు.
ఎవరి బల్లకో
అర అంగుళం తక్కువ కావలసి రావచ్చు.